మోకాలికీ వాద్యానికీ ముడి



పొంతనలేని రెండు విషయాలను ఒకచోట చేరిస్తే, "బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టావయ్యా" అని మన పెద్దవాళ్లు నవ్వుతారు. ఈ పూట నేను మోకాలికీ సంగీత వాద్యానికీ ముడిపెట్టబోతున్నాను. ఆ ముడి నేను కొత్తగా వేసింది కాదు. దాదాపు 250 ఏళ్లుగా ఉన్నదే. దాని కథ మన బరంపురం నేతవీధిని, నాటకాల పందిరిని, ఆఖరికి మీరు వింటున్న రేడియోను కూడా తాకుతూ పోతుంది.

వాద్యం అనగానే మనకు చేతులు గుర్తుకు వస్తాయి. వీణ వేళ్లది, మృదంగం అరచేతులది, సన్నాయి ఊపిరిది. కాలికి మనం ఇచ్చినవి గజ్జెలు మాత్రమే. అవి కూడా నర్తకివే కాని వాద్యకారుడివి కావు. అమెరికాలో ఒక వాద్యం ఉంది. దాని పేరు పెడల్ స్టీల్ గిటారు. చూడడానికి నాలుగు కాళ్ల సన్నని బల్లలా ఉంటుంది. దాని మీద సాధారణంగా పది తీగలు బిగించి ఉంటాయి. వాయించేవాడు దాని ముందు పీట మీద కూర్చుంటాడు. కుడిచేతి వేళ్లతో తీగలు మీటుతాడు. ఎడమచేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తాడు. ఎడమపాదంతో పెడళ్లు తొక్కుతాడు. కుడిపాదంతో ధ్వని హెచ్చుతగ్గులు చూసుకుంటాడు. ఇవి చాలవన్నట్టు రెండు మోకాళ్లతోనూ బల్ల కింద వేలాడే మీటలను అటూ ఇటూ నెడుతూ ఉంటాడు. అష్టావధానులను చూసి మురిసిపోయే జాతి మనది. ఈ మనిషిని చూస్తే ఏమంటామో!

ఇంత అవధానంలో ముందుగా మొరాయించేది వేళ్లూ కాదు, చెవీ కాదు, మోకాలే. మీట ఒక అంగుళం దూరంగా ఉంటే తొడ లాగుతుంది. ఒక అంగుళం దగ్గరగా ఉంటే వద్దన్నప్పుడు తగిలి స్వరం తప్పుతుంది. పీట ఎత్తు కుదరకపోతే నడుము పట్టేస్తుంది. నేర్చుకునేవాడు తనకు చేతకాలేదనుకుంటాడు. వాద్యం తనకు అమరలేదన్న ఆలోచన అతడికి రాదు. బడిలో ముప్ఫైమంది పిల్లల్ని ఒకే ఎత్తు బెంచీల మీద కూర్చోబెట్టి, కుదురుగా కూర్చోలేదని కోప్పడే మా వృత్తివాళ్లకు ఈ సంగతి కొంచెం తొందరగానే అర్థం కావాలి. పరికరం మనిషికి అమరాలా, మనిషే పరికరానికి సర్దుకోవాలా అన్న ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దేశాల్లో వేర్వేరు జవాబులు వచ్చాయి. ఈనాటి ప్రసంగం ఆ జవాబుల గురించే.

దీనికోసం మొదటే అమెరికా పోనక్కర్లేదు. ముందు నేతవీధిలోకి రండి.

బరంపురాన్ని పట్టునగరం అంటారని మీకు తెలుసు. కుంభాల అంచుతో నేసే బరంపురం పట్టుచీరకు, మగవారి జోడుకు ప్రత్యేకమైన పేరుంది. ఆ పట్టు నేసిన ఇళ్లలో ఒడియాతోపాటు తెలుగూ వినిపిస్తుంది. మగ్గాన్ని ఒడియాలో తంత అంటే, మన ఇళ్లలో మగ్గమనే అన్నారు. పాతకాలపు గుంట మగ్గాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. నేలలో గుంట తవ్వి, దాని గట్టు మీద నేతగాడు కూర్చుంటాడు. కాళ్లు గుంటలోకి దిగుతాయి. అక్కడ కాలితో తొక్కే కర్రలు ఉంటాయి. ఒక కర్ర తొక్కితే పడుగు దారాల్లో సగం పైకి లేస్తాయి, సగం కిందికి దిగుతాయి. ఆ సందులోంచి నాడె అటునుంచి ఇటు వెళుతుంది. రెండో కర్ర తొక్కితే దారాలు తారుమారవుతాయి. నాడె తిరిగి వస్తుంది.

ఇందులో తెలివి ఎక్కడుందో గమనించండి. మనది నేలమీద కూర్చునే దేశం. నేలమీద కూర్చుంటే మోకాళ్లు మడుస్తాం. మడిచిన కాలు తొక్కలేదు. తొక్కాలంటే కుర్చీ కావాలి. కుర్చీ వేస్తే మగ్గం ఎత్తు పెంచాలి, చట్రం కావాలి, కలప కావాలి. మన నేతగాడు మగ్గాన్ని పైకి ఎత్తలేదు, నేలనే కిందికి దించాడు. పీట లేకుండానే పీట అమరింది. గుంట ఎంత లోతు ఉండాలన్నదానికి మనిషి కాలే కొలబద్ద. లోతు ఎక్కువైతే పాదం వేలాడుతుంది. తక్కువైతే మోకాలు పైకి లేచి ఒళ్లోని బట్టకు అడ్డం పడుతుంది. అందుకే ఒకరికి అమరిన గుంట మరొకరికి అమరుతుందన్న నమ్మకం లేదు. వానాకాలం గుంటలో చెమ్మ చేరుతుందనీ, నడుము పడుతుందనీ దానికీ కష్టాలున్నాయి. చట్రం మగ్గాలు అందుకే వచ్చాయి. అయినా మనిషి కొలతకు పని చోటును మలుచుకోవడం అనే ఆలోచన ఆ గుంటలో ఉంది.

ఇప్పుడు ఐరోపాకు వెళదాం. అక్కడ కుర్చీ ఉంది కాబట్టి కాళ్లు ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉన్న కాళ్లకు ఏదో ఒక పని చెప్పాలని వాద్యాలు చేసేవాళ్లు ఆలోచించారు. ఈనాడు పియానోకు కింద పాదంతో తొక్కే పెడళ్లు ఉంటాయి. 18వ శతాబ్దంలో జర్మను, ఆస్ట్రియా దేశాల పియానోలలో చాలావాటికి పెడళ్లు లేవు, మోకాలి మీటలు ఉండేవి. మోకాలిని పైకి ఎత్తి మీటను నొక్కితే, తీగల మీద ఒత్తి ఉన్న మెత్తలు లేచి, నాదం ఆగకుండా మోగేది. 1777లో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో స్టైన్ అనే వాద్యనిర్మాత పియానోలు వాయించి చూసిన మోజార్టు తండ్రికి ఉత్తరం రాస్తూ ఆ మోకాలి మీటను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అప్పుడు అతడి వయసు 21 ఏళ్లు. అతడు మెచ్చింది మీట చేసే పనిని మాత్రమే కాదు, అది ఎంత తేలికగా పనిచేస్తుందో కూడా. కాస్త తగిలితే చాలు కదిలేదట. మోకాలు కొంచెం తీయగానే నాదం మిగలకుండా ఆగేదట. మీట మంచిదా కాదా అన్నదానికి ఆనాటి ఈ పరీక్ష నేటికీ సరిపోతుంది.

తర్వాత పియానోలు బరువెక్కాయి. మోకాలి మీటల స్థానంలో పాదపు పెడళ్లు వచ్చాయి. మోకాలు మరో వాద్యంలోకి మారింది. అదే హార్మోనియం.

1840ల మొదట్లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ ఆ పేరుతో ఒక వాద్యానికి పేటెంటు పొందాడు. ఇత్తడి రేకుల్లాంటి రీడ్ల మీదుగా గాలి పోతే నాదం పుడుతుంది. ఆ గాలిని తిత్తుల ద్వారా ఇచ్చేది వాయించేవాడి పాదాలు. రెండు పాదాలు మార్చి మార్చి తొక్కాలి, అచ్చం మగ్గంలాగే. రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. అదే నగరంలో ముస్తెల్ అనే నిర్మాత మరో అడుగు వేసి, మంద్రస్వరాల బలాన్ని ఒక మోకాలితో, తారస్వరాల బలాన్ని మరో మోకాలితో వేరువేరుగా నడిపే మీటలు పెట్టాడు. అమెరికాలో ఎస్టీ, మేసన్ అండ్ హామ్లిన్ వంటి సంస్థలు చేసిన రీడ్ ఆర్గన్లకూ మోకాలి మీటలున్నాయి. సాధారణంగా కుడి మోకాలిది నెడితే నాదం క్రమంగా పెరుగుతుంది. ఎడమ మోకాలిది నెడితే అన్ని రీడ్లూ ఒక్కసారిగా పలుకుతాయి. ఎక్కడైనా పాత చర్చిలో కాలి ఆర్గను కనబడితే మెట్ల కింద, వాయించేవాడి మోకాళ్ల దగ్గర చూడండి. రెండు చెక్క రెక్కలు వేలాడుతూ కనిపిస్తే అవి విరిగిన ముక్కలనుకోకండి. అవే ఆ మీటలు.

ఈ వాద్యం మిషనరీలతో, దొరలతో మన దేశానికి వచ్చింది. వచ్చాక చిక్కు పడింది. మన గాయకుడు నేలమీద చాప మీద కూర్చుని పాడతాడు. వాద్యం మాత్రం బల్లంత ఎత్తున నిలబడి ఉంది, వాయించేవాడికి కుర్చీ అడుగుతోంది. దానికోసం సభలో గుంట తవ్వలేం కదా! కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1870, 80 దశకాల కాలంలో దీనికి ఒక దారి చూపాడు. కాళ్లు తీసేశాడు, పెడళ్లు తీసేశాడు. తిత్తిని వాద్యం వెనకకు తెచ్చి, ఎడమచేత్తో ఊదేలా చేశాడు. పెట్టె నేలమీదికి దిగింది. ఆయన స్థాపించిన ద్వార్కిన్ సంస్థ పేరు అలా ప్రసిద్ధికెక్కింది.

ఈ మార్పుకు చెల్లించిన ధర కూడా చెప్పుకోవాలి. పారిస్ హార్మోనియంలో రెండు చేతులూ స్వరాలకే. కలకత్తా హార్మోనియంలో ఎడమచేయి తిత్తికి పోయింది. కుడిచేయి ఒక్కటే మెట్ల మీద మిగిలింది. అయితే మన సంగీతానికి రాగం ప్రధానం. ఒక్కొక్క స్వరం వరుసగా నడిస్తే చాలు, నాలుగైదు స్వరాలను ఒకేసారి పలికించే పని పెద్దగా లేదు. కాబట్టి ఆ చేయి పోయినా మనకు లోటనిపించలేదు. నా దృష్టిలో ఇది గుంట మగ్గానికి సాటివచ్చే తెలివి. అక్కడ కాలు పనిచేయాలి కాబట్టి నేలను మార్చారు. ఇక్కడ నేలను మార్చలేరు కాబట్టి కాలికి సెలవిచ్చారు.

1890లలో తూర్పుతీర రైలుమార్గం గంజాం మీదుగా పడింది. కలకత్తాకూ మద్రాసుకూ నడుమ మన బరంపురం ఒక స్టేషను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ఆధిపత్యంలోనే ఉంది. పరిపాలన మద్రాసు నుంచి, హార్మోనియం కలకత్తా నుంచి! సరిహద్దు జిల్లాల జీవితమే అంత. ఏ దిక్కు మంచిది ఆ దిక్కునుంచి తెచ్చుకుంటాం.

కలకత్తా పెట్టె వచ్చినంత మాత్రాన కాళ్ల హార్మోనియం కనుమరుగు కాలేదు. దాన్ని కాపాడింది నాటకం. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు పట్టణాలు తిరిగి ప్రదర్శనలిచ్చింది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో "కీచకవధ"తో సురభి నాటక సమాజం పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు పద్యనాటకానికి హార్మోనిస్టు ప్రాణవాయువు అయ్యాడు. ఆయన చాప మీద కూర్చునేవాడు కాదు, వేదిక పక్కన కుర్చీ వేసుకునేవాడు. రంగస్థలం మీద నటుడు నిలబడి ఉంటాడు. అతడి పెదవి కదలికను, ఊపిరి తీసే క్షణాన్ని హార్మోనిస్టు చూడాలి. నేలమీద ఉంటే కనబడదు. పైగా కృష్ణుడో అర్జునుడో పద్యం చివర రాగం ఎత్తి, జనం "వన్స్‌మోర్" అనేదాకా వదలడు. అంతసేపూ గాలి ఆగకూడదు. తిత్తి పని కాళ్లది అయితే రెండు చేతులూ నటుడి వెంట పరుగెత్తవచ్చు. రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారేదాకా తొక్కిన ఆ కాళ్లకు ఏ బిరుదూ రాలేదు. బిరుదులన్నీ వేళ్లకే వచ్చాయి.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. వయసులో ఉండగా నాటకాలకు కాళ్ల హార్మోనియం వాయించారు. ముసలితనంలో భజనలో చేతి పెట్టె వాయించవలసి వచ్చింది. మోకాళ్లు మడవలేక అవస్థపడేవారు. ఒకరోజు ఆయన పెట్టెను తెచ్చి ఎత్తు బల్ల మీద పెట్టి, తాను బెంచీ మీద కూర్చున్నారు. దేవుడి ముందు బెంచీ ఏమిటని కొందరు సణిగారు. ఆయన మాత్రం, "దేవుడికి నా పాట కావాలా, నా మోకాళ్లు కావాలా బాబూ?" అన్నారు. అప్పటినుంచి ఆయన చనిపోయేదాకా ఆ బెంచీ అక్కడే ఉంది. మోకాలిని ఒడియాలో ఆంఠు అంటారు. పిల్లలు ఆ బెంచీకి ఆంఠు బెంచీ అని పేరు పెట్టుకున్నారు.

ఇక రేడియో సంగతి. చెప్పకపోతే కథ పూర్తికాదు. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని ప్రసారాల నుంచి బహిష్కరించింది. అప్పటి అధిపతి లయొనెల్ ఫీల్డెన్. ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీతం చూసిన జాన్ ఫౌల్డ్స్ అనే స్వరకర్త అంతకుముందే ఈ వాద్యం మీద ధ్వజమెత్తి వ్యాసం రాశాడు. అభియోగం ఏమిటంటే, హార్మోనియంలో స్వరం మెట్టుకు కట్టుబడి ఉంటుంది. సనుంచి రికి దూకగలదు కాని జారలేదు. గమకం పలకదు. మన సంగీతానికి గమకమే ఊపిరి. ఆ మాటలో నిజముంది. కాని శిక్ష మాత్రం నేరానికి మించిందని నా అభిప్రాయం. కటకం రేడియో కేంద్రం 1948 జనవరి 28న, విజయవాడ కేంద్రం అదే ఏడాది డిసెంబరు 1న ప్రారంభమయ్యాయి. ఒక చెవి ఇటు, ఒక చెవి అటు పెట్టి విన్న మన గంజాం తెలుగువాళ్లకు ఊళ్లో ప్రతి భజనలోనూ వినిపించే వాద్యం రేడియోలో మాత్రం వినిపించలేదు. 1971లో ఆ నిషేధాన్ని కొంతమేరకు సడలించారు.

జారని వాద్యాన్ని బయట నిలబెట్టిన ఆ రోజుల్లోనే, జారడమే వృత్తిగా గల మరో వాద్యం కలకత్తాలో పాతుకుంటోంది. అది హవాయి గిటారు. తీగల మీద కడ్డీ జార్చి వాయించడం మనకు కొత్త కాదు. గోటువాద్యం ఉంది. వీణలాగే ఉంటుంది, మెట్లుండవు. నున్నటి కర్రముక్కను తీగల మీద జారుస్తారు. ఆ వాద్యం పేరు 17వ శతాబ్దపు తెలుగు కావ్యం, తంజావూరు రఘునాథ నాయకుడి "శృంగార సావిత్రి"లో కనిపిస్తుందంటారు. హవాయి ద్వీపాల్లో 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఉక్కుముక్క జార్చడం మొదలుపెట్టాడని ప్రసిద్ధి. అతడికన్నా ముందే గాబ్రియేల్ దావియాన్ అనే భారతీయుడు హవాయిలో అలా వాయించాడన్న వాదన కూడా ఉంది. అది రుజువైతే మనం కాలర్ ఎగరేసుకోవచ్చు. ప్రస్తుతానికి వాదన దగ్గరే ఆపుదాం.

1929లో ఆసియా పర్యటనకు వచ్చిన హవాయి బృందంలోని టౌ మో రెండో ప్రపంచయుద్ధ కాలంలో కుటుంబంతో కలకత్తాలో ఉండిపోయాడు. అక్కడ గిటారు నేర్పాడు. బెంగాలీ పాటలోకి, బొంబాయి సినిమా పాటలోకి ఆ సాగే నాదం అలా వ్యాపించింది. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాన్ని హిందూస్థానీ రాగాలకు అలవాటు చేశారు. 1967లో శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి ఆయన వాయించిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ" రికార్డు దేశమంతా మోగింది. తర్వాత విశ్వమోహన్ భట్ గిటారును మార్చి మోహనవీణ చేసుకుని, 1994లో గ్రామీ బహుమతి అందుకున్నారు. వీళ్లందరూ కూర్చున్న తీరు చూడండి. నేలమీద, కాళ్లు మడిచి, వాద్యం ఒళ్లో. కలకత్తా హార్మోనియానికి జరిగిందే గిటారుకూ జరిగింది. ఇక్కడికి వచ్చిన వాద్యానికి మనం మొదట నేర్పేది నేలమీద కూర్చోవడం.

అమెరికాలో అదే గిటారు సరిగ్గా ఎదురుదారి పట్టింది. అక్కడ పాటకు నాలుగైదు స్వరాలు ఒకేసారి పలకాలి. నిటారుగా ఉన్న కడ్డీ తీగలన్నిటినీ ఒకేలా జారుస్తుంది. ఒక తీగ పైకి, ఒక తీగ అలాగే ఉండాలంటే కుదరదు. అందుకని వేర్వేరు శ్రుతులు చేసిన రెండు, మూడు, నాలుగు గిటార్లను ఒకే బల్ల మీద పక్కపక్కన బిగించారు. అది ఒడి పట్టనంత బరువైంది. కాళ్లు మొలిచాయి. కాళ్లు మొలిచాక కింద ఖాళీ జాగా దొరికింది. 1940 ప్రాంతంలో గిబ్సన్ సంస్థ ఎలక్ట్రాహార్ప్ పేరుతో పెడళ్లున్న గిటారు తెచ్చింది. పెడల్ తొక్కితే కొన్ని తీగల శ్రుతి మారుతుంది. మొదట్లో దాన్ని పాటకూ పాటకూ మధ్య శ్రుతి మార్చడానికే ఎక్కువగా వాడారు. 1954లో వెబ్ పియర్స్ పాడిన "స్లోలీ" అనే పాట మార్మోగింది. అందులో బడ్ ఐజక్స్ అనే వాద్యకారుడు తీగ మోగుతూ ఉండగానే పెడల్ తొక్కాడు. ఒక స్వరం అలాగే నిలిచి ఉంటే, పక్క స్వరం దానిలోకి మెల్లగా ఎక్కింది. విన్నవాళ్లకు మతిపోయింది. మన భాషలో చెప్పాలంటే అతడు కాలితో గమకం పలికించాడు. హార్మోనియం ఏ లోటువల్ల రేడియోకు దూరమైందో ఆ లోటును ఇక్కడ పాదం తీర్చింది.

పాదం ఎంతని తొక్కుతుంది? 1960లలో మోకాలి మీటలు సాధారణమయ్యాయి. నేటి పది తీగల గిటారుకు మూడు పెడళ్లు, నాలుగైదు మోకాలి మీటలు మామూలు. ఎడమ మోకాలికి ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. కొన్నిటికి మోకాలి పైన అడ్డంగా మరొకటి, దాన్ని మోకాలు పైకెత్తి నొక్కాలి. కుడి మోకాలికి అటొకటి ఇటొకటి. ప్రతి మీటా బల్ల కింద ఒక అడ్డకడ్డీని తిప్పుతుంది. ఆ కడ్డీ మీద చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. అది పొడవాటి సన్నని ఊచను లాగుతుంది. ఊచ తీగ చివర ఉన్న వేలులాంటి ఇనుపముక్కను తిప్పి, తీగను బిగిస్తుంది లేదా వదులు చేస్తుంది.

దీన్ని మోకాలికి అమర్చుకోవడంలో ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే ఒకటి బాగుచేయబోతే రెండోది చెడుతుంది. మొదట పీట. పాదాలు నేలకు ఆనాలి, తొడలు నేలకు ఇంచుమించు సమాంతరంగా ఉండాలి. వీపు వంగకూడదు. పీట కుదిరాకే వాద్యం ఎత్తు చూడాలి. గిటారు కాళ్లు ఒకదానిలో ఒకటి జొనిపిన గొట్టాలు, పొడవు మార్చవచ్చు. పొడుగు మనిషికి మోకాళ్లు బల్ల అడుగుకు తగులుతుంటే కాళ్లు పెంచాలి. పొట్టి మనిషికి మోకాలు మీట చివరిదాకా చేరకపోతే తగ్గించాలి. కాళ్లు పెంచితే పెడళ్లు కూడా పైకి లేస్తాయి, వాటిని లాగే ఊచలను తిరిగి సర్దాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

తర్వాత మీటల దూరం. ఎడమపాదం పెడల్ మీద ఉండగానే మోకాలు పక్కకు జరగాలి. కాబట్టి కాలు ఖాళీగా ఉన్నప్పుడు కాదు, పెడల్ తొక్కి ఉన్నప్పుడు కొలత తీయాలి. మోకాలు మామూలుగా ఉన్నచోట మీట తగలకూడదు. కొంచెం జరిపితే తగలాలి. చాలా వాద్యాల్లో మరలు వదులు చేసి మీటను అడ్డకడ్డీ వెంట జరపవచ్చు, అది ఆగేచోట ఉన్న మరను తిప్పి వాలు మార్చవచ్చు. ఇక బరువు. ఇక్కడ మన మగ్గం కర్రే పాఠం. కర్రను కీలుకు దగ్గరగా తొక్కితే బరువు, దూరంగా కొసన తొక్కితే తేలిక. మోకాలు మీటకు పైభాగాన తగిలితే బలం ఎక్కువ కావాలి, కొసన తగిలితే తక్కువ చాలు. అందుకే పీట ఎత్తు ముందన్నాను. అప్పటికీ బరువుగా ఉంటే బల్ల కింద ఆ ఇనుప చెయ్యికి వరుసగా ఉన్న రంధ్రాల్లో ఊచను కడ్డీకి దగ్గరగా ఉన్న రంధ్రానికి మార్చాలి. మీట తేలికవుతుంది, కాని ఎక్కువ దూరం నెట్టవలసి వస్తుంది. తేలికా, తక్కువ దూరమూ రెండూ కావాలంటే కుదరదు. ఏది కావాలో చెప్పవలసింది మోకాలే. మార్చిన ప్రతిసారీ ఆ తీగ శ్రుతి మళ్లీ సరిచూసుకోవాలి.

మన జిల్లా నుంచి వేలమంది సూరత్ మరమగ్గాల్లో పనికి వెళుతున్నారు. వాళ్లలో నేతపని ఇంట్లో పుట్టినవాళ్లూ ఉన్నారు. అక్కడ పన్నెండు గంటల షిఫ్టు, నిలబడే పని. మరమగ్గానికి మనిషి కాలు అక్కర్లేదు, అయినా ఆ కాలు రోజంతా దాని ముందు నిలబడి ఉండాలి. యంత్రం ఎత్తు ఎవరి కొలతకూ మారదు. సెలవుల్లో ఇంటికి వచ్చిన పిల్లల తండ్రులు బడి అరుగు మీద కూర్చుని మోకాళ్లు పట్టుకుని లేవడం నేను చూస్తుంటాను. అమెరికాలో ఒక పాటగాడి మోకాలి కోసం అంగుళంలో నాలుగోవంతు జరిగే మీట తయారైన కాలంలోనే ఇదీ జరుగుతోంది.

మళ్లీ గిటారు దగ్గరికి వస్తాను. అన్నీ అమరాక వాద్యకారులు ఒక చిన్న పని చేస్తారు. ఈ గిటారును కచేరీకి తీసుకుపోవాలంటే కాళ్లు ఊడదీసి పెట్టెలో సర్దాలి. మరుసటి ఊళ్లో మళ్లీ బిగించాలి. అందుకని గొట్టాలు ఎంత పొడవున ఆగాలో అక్కడ ఒక గీత గీసుకుంటారు. ఏ కాలు ఏ మూలదో గుర్తు పెట్టుకుంటారు. పీటను కూడా వెంట మోసుకుపోతారు, ఎక్కడ పడితే అక్కడి కుర్చీ వేసుకోరు. మన నేతగాడికి మాత్రం ఆ గీత అవసరం రాలేదు. ఆయన గుంట ఎక్కడికీ పోయేది కాదు.